మధ్యాహ్న గోష్ఠి: ఒకరి వ్యాసము నొకరు దిద్దుట



గడచిన మాసమున ఈ పుటలయందు జాబులు వ్రాయు తీరును గూర్చి ముచ్చటించితిమి. దానిపై ముగ్గురు సోదరీమణులు మాకు వ్రాసిరి. అందొకామె ప్రశ్న మమ్ము రెండు రాత్రులు సరిగా నిదుర పోనీయలేదు. "మేము నలుగురము కూడి వ్యాసములు వ్రాసికొని ఒకరిది మరియొకరు దిద్దుకొనుచుంటిమి. మూడు వారములు గడచునప్పటికి ఇద్దరు రావడము మానిరి. కలహ మేమియు లేదు. లోప మెక్కడ నున్నది?" అని ఆమె అడిగినది. ఆ లోపము ఎక్కడ నుండునో మాకు బాగుగా తెలియును. ఏలయన, ఒకప్పుడది మాయందే యుండెను.

జహీరాబాదులో మా యింటి వసారాయందు ప్రతి ఆదివారము మధ్యాహ్నము, వంటయిల్లు సర్దుకొని గిన్నెలు బోర్లించిన పిమ్మట, ఏడెనిమిదిమంది స్త్రీలు కూడుదురు. పదవ తరగతితో చదువు నిలిచిపోయిన కోడండ్రు కొందరు, కళాశాలకు పోవు బాలికలు ఇద్దరు, మనుమలకు కథలు చెప్పుటకు మాత్రమే నోరు విప్పు ఒక పెద్దమ్మగారు. వంతు చొప్పున ఒక్కొక్కరు వ్యాసము వ్రాసి తెచ్చి చదువవలెను. తక్కినవారు విని తమకు తోచినది చెప్పవలెను. నియమ మింతే. చెప్పుటకు మిక్కిలి సులభముగా నున్నది గదా!

మా యూరు సరిహద్దున నున్న ఊరు. బీదరు దాపుననే యున్నది. బజారులో కూరగాయలు బేరమాడు వేళ ఒక్క వాక్యములోనే తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసి ప్రవహించును. మరాఠీ మాటయు అప్పుడప్పుడు చెవిని పడును. మేము బాల్యమున తాతగారి యొద్ద అమరమును, ఆంధ్రమహాభారతమును చదువుకొన్నవారము. ఈ గ్రంథభాష మాకు అట్లబ్బినదే. అందుచేత మా చెవికి శుద్ధమని తోచినదే శుద్ధమని యొక గర్వము మాయందు చాలకాలము నిలిచియుండెను.

కిందటి వానకాలములో ఇరువది రెండేండ్ల కోడలొకతె "మా అత్తగారి విత్తనాలు" అను వ్యాసము వ్రాసి తెచ్చెను. నాలుగు పుటలు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు, తైదలు వేర్వేరు బుట్టలలో దాచు విధమును, బుట్టలను పేడతోను మట్టితోను అలికి ఎండబెట్టుటను, గింజలలో బూడిద కలిపి నడుమ వేపాకు పరచుటను, అత్తగారు గింజను పంట నొక్కి చప్పుడును బట్టి ఎండినదో లేదో చెప్పుటను ఆమె పూసగ్రుచ్చినట్లు వ్రాసియుండెను. గుమ్మి యను మాట మూడు మారులు, యాసంగి రెండు మారులు వచ్చెను. చదువుటకు ముందే మేము ఆ కాగితములను తెప్పించుకొంటిమి. మావారు బడిపిల్లల పుస్తకములు దిద్దు ఎర్రసిరా కలము బల్లమీద నుండెను. దానిని చేతబట్టి తైదలు కొట్టివేసి రాగులని వ్రాసితిమి. గుమ్మి కొట్టివేసి గాదె యంటిమి. పురుగు పట్టుట యన్నచోట కీటకబాధ యంటిమి. యాసంగి కొట్టివేసి రబీ యని వ్రాసితిమి. ఆ రబీ యను మాట అరబ్బీ నుండి వచ్చినదనియు, యాసంగియే మన నేలపై పుట్టిన మాట యనియు ఆ క్షణమున మాకు తోచనే లేదు! శుద్ధి చేయు ఉత్సాహము అట్టిది.

ఆ యమ్మాయి మేము దిద్దిన ప్రతిని శ్రద్ధగా తిరుగ వ్రాసి తెచ్చి చదివెను. మొదటి పుటలోనే గొంతు తడబడెను. గాదె యని కాగితము మీద నున్నను నోట గుమ్మి యనియే వచ్చెను. వెంటనే దిద్దుకొనబోయి రెండును కలిపి పలికెను. కళాశాలకు పోవు బాలికలలో ఒకతె కిసుక్కున నవ్వెను. చదువుట ముగిసిన పిమ్మట ఒకరు "బాగున్నది" అనిరి, మరియొకరును "బాగున్నది" అనిరి. టీ త్రాగితిమి. మరుసటి ఆదివారము ఆమె రాలేదు. ఆ తరువాతి ఆదివారమును రాలేదు.

నవ్వు చిన్న వస్తువు గాదు. 1921 నవంబరులో హైదరాబాదు నందు సంఘసంస్కార మహాసభ జరిగినది. స్త్రీలకై విశ్వవిద్యాలయమును నెలకొల్పిన ధోండో కేశవ కార్వే గారు దానికి అధ్యక్షులు. ఇతరులు ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలలో మాటలాడునంతసేపు సభ నిశ్శబ్దముగా వినెను. అల్లంపల్లి వెంకటరామారావు గారను న్యాయవాది తెలుగున ఆరంభింపగానే ఎగతాళియు గోలయు చెలరేగెను. ఆయన ఏమి చెప్పబోవుచుండెనో ఎవ్వరు నడుగలేదు. ఏ భాషలో చెప్పుచుండెనో అదియే తప్పయ్యెను. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘమునకు పునాది వేసిరి. పిమ్మట 1930 మార్చిలో, నేడు మా జిల్లాలోనే యున్న జోగిపేటలో నిజామురాష్ట్ర ఆంధ్రమహాసభ మొదటిసారి కూడినప్పుడు సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులైరి. దానితోపాటే జరిగిన ఆంధ్రమహిళాసభకు నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. ఈ కథను మేము వసారాలో పలుమారులు గర్వముతో చెప్పియున్నాము. చెప్పినవారమే, మా యింటిలోనే, గుమ్మి యన్నందుకు ఒక కోడలు నవ్వులపాలగుచుండగా చూచుచు కూర్చుంటిమి. వెంకటరామారావు గారికి ఆ రాత్రి పదిమంది తోడు దొరకిరి. ఈ యమ్మాయి ఒంటరిగా ఇంటికి పోయెను.

మూడవ వారమున మేమే వారి యింటికి వెళ్లితిమి. కోడలు లోపల నుండి బయటకు రాలేదు. అత్తగారు చాప వేసి, "రా అమ్మా, కూసో" అని మంచినీళ్లిచ్చెను. కొంతసేపటికి తానే మాట యెత్తెను.

"మా కోడలు ఆ కాయిదం చదివి ఇనిపిచ్చిందమ్మా. మంచిగనే ఉన్నది. గని అది మా ఇంటి గుమ్మి గాదు. ఎవలింటిదో."

మాకు మాట తోచలేదు. ఆమెయే మరల అనెను: "నాకు ఒక్క అచ్చరం రాదు. జాతరల మైకు పట్టుకొని ఇత్తుల ముచ్చట చెప్పిన. అందరు ఇన్నరు. ఎవలు దిద్దలె."

ఆ జాతర సంగతి ఇతర జిల్లాల సోదరీమణులకు తెలియకపోవచ్చును. మా యూరికి ఆనుకొనియున్న పస్తాపురము కేంద్రముగా 1983లో దక్కను డెవలప్‌మెంటు సొసైటీ యను సంస్థ ఏర్పడి, పల్లెలలోని పేద స్త్రీలను, ముఖ్యముగా దళిత స్త్రీలను, సంఘములుగా కూర్చి పాతపంటలను, సొంత విత్తనమును నిలుపుకొను పనికి పూనుకొనెను. అనేక సంవత్సరములు సంక్రాంతి నాటికి ఎడ్లబండ్లను విత్తనములతో అలంకరించి ఊరూర పాతపంటల జాతర నడపిరి. బండి నిలిచిన ప్రతి యూర స్త్రీలు నిలువబడి మాటలాడవలసి యుండెను. 2006లో భారత ప్రభుత్వము స్వచ్ఛంద సంస్థలకును సాముదాయిక రేడియో నడపుకొను అనుమతి నిచ్చిన పిమ్మట, 2008 అక్టోబరు 15వ తేదీన ఝరాసంగము మండలములోని మాచనూరు గ్రామమున సంఘం రేడియో ప్రసారములు మొదలయ్యెను. యంత్రము త్రిప్పినవారును, మాటలాడినవారును, పాడినవారును పల్లె స్త్రీలే. వారు పట్టణపు తెలుగును అరువు తెచ్చుకొనలేదు. పొలములో మాటలాడు తెలుగే రేడియోలో మాటలాడిరి. పొయ్యి దగ్గర కూర్చున్న పొరుగూరి స్త్రీకి అది తన యింటి మాటవలె వినబడెను. ఇంతటి విద్యాలయము మా గుమ్మము ముందే యుండగా మేము ఎర్రసిరా పట్టుకొని కూర్చుంటిమి!

మేము ఆ కోడలితో క్షమించుమంటిమి. తలుపు చాటున నుండి ఆమె, "అట్లనకుండ్రి అక్కా" అని మాత్ర మనెను. వచ్చెదనని గాని రానని గాని చెప్పలేదు. జాబు వ్రాసిన సోదరికి మా మొదటి సమాధాన మిదియే: రావడము మానిన ఆ ఇద్దరి యిండ్లకు ముందు పోయి రండు. పద్ధతులు పిమ్మట.

ఇక పద్ధతి. మేము మార్చుకొన్నది మిక్కిలి స్వల్పము. ఒకటి, కాగితమును ముందుగా ఎవ్వరును చూడరాదు, మేమును చూడము. చదువుచుండగా అందరును వినవలెను. ముగిసిన వెంటనే మంచిచెడ్డలు పలుకక, ఏమి వింటిమో అది చెప్పవలెను. "నాకు గింజ పంట నొక్కిన చప్పుడు జ్ఞాపకమున నిలిచినది" యని ఒకరు, "రెండవ పుటలో ఎవరు మాటలాడుచున్నారో నాకు తెలియలేదు" అని ఒకరు. ఇంతకంటె మేలైన తీర్పు వ్రాసినవారికి లేదు. తాను చెప్పదలచినది చేరినదో లేదో అప్పుడే తెలిసిపోవును. "బాగున్నది" యను మాటను మా వసారాలో నిషేధించితిమి. అది మర్యాదయే గాని సాయము గాదు. పెండ్లి వంటలో ఉప్పు తక్కువైనను అందరు నట్లే యందురు.

అటుపిమ్మట ప్రశ్నలు. నిజముగా తెలియనిదే యడుగవలెను. ప్రశ్న వేషమున దెప్పరాదు. "ఇంత పొడుగేల వ్రాసితివి?" యనునది ప్రశ్న గాదు. "బూడిద ఏ కట్టెది? పిడకలదైనను పనికివచ్చునా?" యనునది ప్రశ్న. సూచనలు చిట్టచివర, అదియు రెండింటికి మించక చెప్పవలెను. పది లోపములు ఒక్కసారి చెప్పినచో ఒక్కటియు చెవి కెక్కదు. వ్రాసినవారు అంతవరకు నోరు విప్పక తమ పుస్తకములో గురుతు వేసికొనుచుండవలెను. ఇది అన్నిటికంటె కష్టము. మనము వ్రాసినదానిని ఎదుటివారు అపార్థము చేసికొన్నపుడు "అది కాదు, నా యభిప్రాయము..." అని అడ్డుపడుటకు నాలుక దురదపెట్టును. అడ్డుపడిన వివరణ కాగితములో లేదు గదా! లేనిదానిని నోటితో చెప్పుటకంటె కాగితములో చేర్చుట మేలు. వినిన సూచనలలో ఏది గ్రహింపవలెనో, ఏది విడువవలెనో వ్రాసినవారి యిష్టము. విడిచినందుకు ఎవ్వరును అలుగరాదు. ఈ నియమమును మా పెద్దమ్మగారు ఇప్పటికిని ఒప్పుకొనరు.

తప్పులను దిద్దరాదా యని మీరడుగుదురు. దిద్దవలెను. శకారమునకు సకారము, ణకారమునకు నకారము వ్రాసినచో అది తప్పే, మొహమాటపడనక్కరలేదు. ఒత్తులు జారినను చెప్పవలెను. తహసీలుదారునకు పంపు అర్జీలో నలుగురు చదువు సామాన్యపు తెలుగుండుట మంచిది. అక్కడ గుమ్మి యన్న చదువు అధికారి వేరు జిల్లావాడు కావచ్చును. కాని తన యింటి పనిని గూర్చి వ్రాసిన వ్యాసమునందు తన యింటి మాట తప్పు కాదు. తెలియనివారికై ఒక్కసారి తైదలనగా రాగులని చెప్పి ముందుకు సాగవచ్చును. అక్షరదోషము వేరు, ఊరిమాట వేరు. రెండింటికిని ఒకే ఎర్రసిరా వాడినందున మేము చెడితిమి.

తోటివారి సాయము మన వాఙ్మయమునకు క్రొత్త గాదు. నన్నయభట్టారకుడు భారతమును తెనిగించు వేళ తనకు తోడ్పడిన నారాయణభట్టును అవతారికలోనే స్మరించెను. ఆయన తనకు సహాధ్యాయి యని చెప్పుకొనెను. భారతయుద్ధములో పార్థునకు నారాయణుడెట్లో తనకాయన అట్లని పోల్చెను. మేము చిన్ననాడు ఈ పద్యమును కంఠస్థము చేసితిమి గాని, సహాధ్యాయి యను మాట మీద ఏనాడును నిలువలేదు. గురువు గాదు, ప్రభువు గాదు, వెంట చదువుకొన్నవాడు! సారథి రథమును నడపును గాని విల్లు తా నందుకొనడు. మేము ఆ యమ్మాయి వింటినే లాగికొంటిమి.

మన స్త్రీలకు సంబంధించిన పూర్వకథయు కలదు. భండారు అచ్చమాంబగారు 1902లో మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. ఆ యేడే హిందూసుందరి పత్రికయు వెలువడెను. అట్టి సమాజములలో స్త్రీలు వ్రాసికొని చదివిన ఉపన్యాసములు అచ్చునకెక్కుచుండెను. బడి మొగము చూడని స్త్రీలు అనేకులు తొలుత నలుగురి నడుమ చదివియే పిమ్మట నాలుగు ఊళ్లకు వినిపించిరి.

వ్రాసినదానిని సభలో చెప్పుట మరియొక విద్య. చదువువాడు అర్థము కాకున్న వెనుకకు పోయి చూచుకొనును. వినువారికి వెనుకకు పోవు దారి లేదు. కావున వ్యాసమును ఉన్నదున్నట్లు చదువుట కంటె చెప్పుటకై మరల వ్రాసికొనవలెను. పొడుగు వాక్యములను విరువవలెను. అది, ఇది, వారు అను మాటల స్థానమున పేర్లనే మరల చెప్పవలెను. గడియారము ముందు పెట్టుకొని గట్టిగా చదివి చూడుడు: మా గీతల పుస్తకములో నిండు పుట చదువుటకు మాకు రెండున్నర నిమిషములు పట్టుచున్నది. పది నిమిషములు ఇచ్చినచో మూడు పుటలకు మించి వ్రాసికొనరాదు. తల యెత్తి జనులను చూచుటకును కొంత సమయము కావలెను గదా. మొదటి రెండు వాక్యములు మాత్రము కంఠస్థముగా నుండవలెను. భయమంతయు అక్కడనే, అది దాటినచో కాళ్ల వణకు తగ్గును. తక్కినదానికి పొట్లపు కాగితమంత చీటీలమీద నాలుగైదు మాటలు పెద్ద అక్షరములతో వ్రాసికొనిన చాలును. చీటీలకు అంకెలు వేయుట మరువకుడు. మేము మరచి ఒక సభలో అనుబంధమును ముందు చెప్పి విషయమును చివర చెప్పితిమి.

అభ్యాసము మూడు మారులు చేయవలెను. ఒకసారి ఒంటరిగా, తలుపు వేసికొని, గొంతెత్తి. ఒకసారి చిన్నపిల్లవాని ముందు; వాడు లేచి పోయిన చోటు మీ ఉపన్యాసములో విసుగు పుట్టించు చోటు. ఒకసారి ఆ విషయము బాగుగా తెలిసినవారి ముందు. ఇక "నాకేమియు రాదు, తప్పులున్న క్షమింపవలెను" అని మొదలిడు అలవాటును మానుడు. మొల్ల తన రామాయణపు అవతారికలో తాను శాస్త్రములు నేర్వలేదని చెప్పుకొన్నది నిజమే. కాని ఆ వెనుక ఒక పూర్తి రామాయణము కలదు. ఆమె కది చెల్లినది.

ఆ కోడలు ఐదవ ఆదివారమున వచ్చెను. చేతిలో మొదటి ప్రతియే యుండెను, ఎర్రగీతలు లేనిది. చదివెను. నవ్విన బాలికయే మొదట మాటలాడెను: "బూడిద సంగతి నాకు కండ్లకు కట్టినట్లున్నది. చివర దేశాభివృద్ధి యని వ్రాసిన పుటలో మీరు కనబడలేదు అక్కా." అది నిజము. ఆ పుట ఏదో బడిపుస్తకములోని ముక్కవలె నుండెను. పెద్దమ్మగారు బూడిద ఏ కట్టెదని యడిగిరి. ఆమెకు తెలియలేదు, ఇంటికి పోయి అడిగి వచ్చెదననెను. మేము ఒక్క సూచన చేసితిమి: వాక్యముల నడుమ పూర్ణవిరామములు పెట్టుమంటిమి. గుమ్మి యను మాటకు అడుగున అర్థము వ్రాయుదువా యని యడిగితిమి. కొంత యోచించి, "వద్దక్కా, గుమ్మి ఎంత ఎత్తుంటదో రాస్త, వాళ్లకే తెలుస్తది" అనెను. వ్రాసినది చూచితిమి. అర్థముకంటె అదే మేలుగా నుండెను.

ఈ సంక్రాంతి వెళ్లిన పిమ్మట మా పేటలో మహిళాసంఘపు కూటమి జరిగెను. ఆమెకు పది నిమిషములిచ్చిరి. దేశాభివృద్ధి పుట తీసివేసెను. ఒక కొర్రకంకిని చేతబట్టుకొని నిలువబడెను. మొదటి వాక్యము చెప్పునప్పుడు కంకి వణకుట మాకు కనబడెను. మూడవ వాక్యమునకు నిలిచెను. అత్తగారు రెండవ వరుసలో చాపమీద కూర్చుండెను. బుట్ట అలుకుట చెప్పెను, వేపాకు చెప్పెను, బూడిద కలుపుట చెప్పెను. అప్పుడు రెండవ వరుస నుండి గట్టిగా వినవచ్చెను: "సల్లారినంక కలపాలె! అది చెప్పలె!"

సభ యంతయు నవ్వెను. కోడలును నవ్వెను. "అవునత్తా, మరిచిన" అని, అందరి యెదుటనే చీటీని బల్లమీద ఆనించి, కలముతో ఆ మాట వ్రాసికొని, తరువాతి చీటీ తీసెను.